వాకిట్లో ఆగిన అడుగు: పార్కిన్సన్ నడకను మెదడు చిత్రాలలో వెదికిన చరిత్ర



నేను ప్రాక్టీసు పెట్టిన తొలి సంవత్సరాలలో ధర్మవరం నుంచి ఒక చేనేత కార్మికుడు నా దగ్గరకు వచ్చారు. వయస్సు అరవైకి కొంచెం తక్కువ. వరండా అంతా బాగానే నడిచి వచ్చి, నా గది వాకిట్లో ఆగిపోయారు. పాదాలు నేలకు అతుక్కుపోయినట్లున్నాయి. మడమలు లేస్తున్నాయే కాని అడుగు ముందుకు పడలేదు. వెంట వచ్చిన భార్య విసుగ్గా, "మగ్గం గుంతలో కూచుంటే కాళ్ళు బాగానే ఆడతాయి సార్. వాకిలి కాడికొస్తేనే ఇట్ల నిలబడిపోతాడు. కావాలనే చేస్తాడేమో" అన్నారు.

పరీక్షించి చూశాను. కాళ్ళలో బలం ఉంది, స్పర్శ ఉంది. చేతులలో వణుకు లేదు. పార్కిన్సన్ వ్యాధి అంటే వణుకు అని చదువుకున్న నాకు ఆ ఆలోచనే రాలేదు. మనోవ్యాకులత అనుకొని, బలానికి మాత్రలు వ్రాసి పంపాను. కొన్ని నెలల తరువాత ఆయన పెరట్లో మలుపు తిరుగుతూ పడిపోయారనీ, తుంటి ఎముక విరిగిందనీ తెలిసింది. ఆయన మళ్ళీ మగ్గంలోకి దిగలేదు.

కూర్చుని మగ్గం తొక్కగల కాళ్ళు వాకిట్లో ఎందుకు ఆగిపోతాయి? ఈ ప్రశ్నకు జవాబు కాళ్ళలో లేదు, మెదడులో ఉంది. ఆ జవాబును మెదడు చిత్రాలలో వెదకడానికి వైద్యులకు నూరేళ్ళు పట్టింది. ఆ చరిత్రను మీకు చెప్పాలని ఈ వ్యాసం. వైద్యుడు చేసిన పొరపాటు ఇంటివారు చేయకుండా ఉండాలన్నది నా కోరిక.

కంటితో చూసిన కాలం

మన వైద్య గ్రంథాలకు ఈ వ్యాధి కొత్తది కాదు. చరకుని కాలం నుంచే వణుకు, బిగుసుకుపోవడం, మందగమనం, నడక తడబాటు వాతవ్యాధుల వర్ణనలలో కనిపిస్తాయి. తెలుగునాట వైద్యులు ఆదరించిన 'బసవరాజీయం' పదిహేనవ శతాబ్దానిదని చెబుతారు. ఈ వ్యాధికి దగ్గరగా ఉన్న లక్షణాలకు 'కంపవాతం' అనే పేరు అందులో కనిపిస్తుంది. ఆయుర్వేదంలో వాడిన దూలగొండి గింజల నుంచి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరు చేశారు. అప్పట్లో మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనంతపురం జిల్లాలో ఉండేవి, ఆ జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ పదార్థమే ముప్పై ఏళ్ళ తరువాత ఈ వ్యాధికి ప్రధానమైన మందు అవుతుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

పాశ్చాత్య వైద్యంలో 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల గురించి ఒక చిన్న పుస్తకం వ్రాశారు. వారిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూసి గుర్తించారు! ముందుకు వంగిన శరీరం, ఆగలేక చిన్న చిన్న అడుగులతో పరుగు తీసే నడక ఆయన దృష్టిలో పడ్డాయి. అంటే ఈ వ్యాధి మొదటి వర్ణనలోనే నడక ఉంది. తరువాత పారిస్‌లో షార్కో అనే నాడీవైద్యుడు ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టారు. వణుకు లేకపోయినా ఈ వ్యాధి ఉండవచ్చునని కూడా ఆయన చెప్పారు. నేను ఆ రోజున మరచిపోయిన పాఠం అదే. 1880 దశకంలో ఇంగ్లండు వైద్యుడు గోవర్స్ తన గ్రంథంలో వంగి నడిచే రోగి బొమ్మను గీసి చూపారు. నేటికీ వైద్య విద్యార్థులు ఆ బొమ్మను చూస్తారు. అప్పటికి వైద్యుని చేతిలో ఉన్న 'చిత్రం' అదొక్కటే. రోగి బయటి రూపం తెలుస్తుంది, లోపలి మెదడు తెలియదు.

'రిపోర్టు నార్మల్' అన్న చిక్కు

1895లో ఎక్స్‌రే కిరణాలు వచ్చినా వాటిలో పుర్రె కనిపించింది కాని మెదడు కనిపించలేదు. 1918, 1919 సంవత్సరాలలో అమెరికా శస్త్రవైద్యుడు డాండీ మెదడులోని నీటి గదులలోకి గాలి పంపి ఎక్స్‌రే తీసే పద్ధతి కనిపెట్టారు. రోగికి అది చాలా బాధ కలిగించే పరీక్ష. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రంతో మొదటి రోగి మెదడును చిత్రించారు. 1973లో లాటర్‌బర్ అయస్కాంత క్షేత్రంతో చిత్రం తీయవచ్చునని చూపారు. దాని నుంచి ఎం.ఆర్.ఐ. వచ్చింది.

ఇంత గొప్ప యంత్రాలు వచ్చినా పార్కిన్సన్ రోగి మెదడు సాధారణ చిత్రాలలో దాదాపు మామూలుగానే కనిపించింది. కారణం ఏమిటంటే, ఈ వ్యాధిలో మెదడులో గడ్డ లేదు, రక్తస్రావం లేదు. మధ్య మెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న భాగంలోని కణాలు నశిస్తాయి. 1919లో ట్రెటియాకాఫ్ అనే వైద్యుడు మరణించిన రోగుల మెదడులను పరిశీలించి ఈ సంగతి చెప్పారు. ఆ కణాలు తయారుచేసే రసాయనం పేరు డోపమిన్.

డోపమిన్ సంగతి బయటపడడంలో మరొక భారతీయ మొక్కకు పాత్ర ఉంది. సర్పగంధి నుంచి వచ్చిన రిసర్పిన్ మందును ఇచ్చినపుడు కుందేళ్ళు కదలక పడిపోయాయి. ఎల్-డోపా ఇస్తే లేచాయి. 1957లో స్వీడన్‌కు చెందిన కార్ల్‌సన్ చేసిన ఈ ప్రయోగానికి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఆయన సహచరుడు పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమిన్ బాగా తగ్గిపోయిందని చూపారు. 1961లో ఎల్-డోపా సూదిమందుతో మంచం పట్టిన రోగులు లేచి నడిచారు. 1967లో కొట్జియాస్ నోటి ద్వారా ఇచ్చే పద్ధతిని స్థిరపరచారు.

ఈ రసాయన లోపాన్ని బ్రతికి ఉన్న మనిషిలో కంటితో చూడగలిగినది 1983లో. కెనడాలోని హామిల్టన్ నగరంలో గార్నెట్, ఫిర్నౌ, నహ్మియాస్ అనే శాస్త్రవేత్తలు డోపాకు రేడియోధార్మిక ఫ్లోరిన్‌ను జతచేసి శరీరంలోకి పంపి, అది మెదడులో ఎక్కడ చేరుతుందో పెట్ స్కాన్‌లో చిత్రించారు. డోపమిన్‌ను నిలువచేసే నాడీ తంతువులు ఆ చిత్రంలో వెలిగాయి. పార్కిన్సన్ రోగులలో ఆ వెలుగు తగ్గుతుంది. ఆ ఫ్లోరిన్ శక్తి 110 నిమిషాలలో సగానికి పడిపోతుంది కాబట్టి, దానిని తయారుచేసే యంత్రం దగ్గరలో ఉండాలి. అందుకే అటువంటి స్కాన్ నేటికీ పెద్ద నగరాలలోనే దొరుకుతుంది.

పడుకున్న మనిషి నడిచేది ఎలా?

ఇక్కడ పెద్ద చిక్కు వచ్చింది. స్కాన్ గొట్టంలో రోగి కదలకుండా పడుకోవాలి. నడక లోపం నడిచినప్పుడే తెలుస్తుంది. పడుకున్న మనిషి నడకను చూడడం ఎలా? శాస్త్రవేత్తలు దీనికి ఒకటి తరువాత ఒకటిగా ఉపాయాలు ఆలోచించారు.

మొదటి ఉపాయం జపాన్‌లో క్యోటో నగరంలో వచ్చింది. మెదడులో రక్తం ఎక్కువగా ప్రవహించే చోట చేరి, అక్కడే నిలిచిపోయే ఒక రేడియోధార్మిక పదార్థం ఉంది. ధర్మవరం పాఠకులకు ఇది సులభంగా అర్థమవుతుంది. పట్టునూలు రంగు తొట్టెలో ఉన్నంతసేపే రంగు పడుతుంది. తరువాత ఎప్పుడు చూసినా అదే రంగు. అలాగే రోగి నడుస్తున్నపుడే సూదిమందు ఇచ్చి, తరువాత పడుకోబెట్టి చిత్రం తీస్తే, నడిచినప్పుడు మెదడు ఎలా పనిచేసిందో కనిపిస్తుంది. 1999లో హనకావా బృందం పార్కిన్సన్ రోగులను, ఆరోగ్యవంతులను నడక యంత్రం మీద నడిపించి ఈ పరీక్ష చేసింది. రోగుల మెదడులో నుదుటి వెనుక మధ్యభాగం, చిన్నమెదడులో ఒక పార్శ్వం తక్కువగా పనిచేశాయి. మధ్యభాగంలోని ఆ ప్రాంతం మనం ఆలోచించకుండానే అడుగు తరువాత అడుగు వేయడానికి సాయపడుతుంది.

అదే సంవత్సరం అదే బృందం మరొక పని చేసింది. నడక యంత్రం పట్టీ మీద అడ్డంగా గీతలు గీసి రోగులను నడిపించింది. రోగుల నడక మెరుగుపడింది! అప్పుడు మెదడులో కుడి పక్కన, కంటితో చూసిన దానిని బట్టి కదలికను నడిపించే ప్రాంతం ఎక్కువగా వెలిగింది. లోపలి తాళం తప్పినప్పుడు, బయటి గుర్తు మెదడులో మరొక దారి తెరిచిందన్నమాట. నేల మీద గీతలు గీస్తే పార్కిన్సన్ రోగులు బాగా అడుగు వేస్తారని ఇంగ్లండు వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లోనే వ్రాశారు. అలా ఎందుకు జరుగుతుందో క్యోటో చిత్రాలు చూపాయి.

రెండవ ఉపాయం ఊహ. నడుస్తున్నట్లు మనసులో అనుకొమ్మని చెప్పి ఎం.ఆర్.ఐ. తీయడం. 2011లో నెదర్లాండ్స్‌లో స్నైడర్స్ బృందం, నడక ఆగిపోయే రోగులను, ఆగని రోగులను ఇలా పోల్చి చూసింది. ఆగిపోయేవారిలో నుదుటి మధ్యభాగం, తల వెనుక పైభాగం తక్కువగా పనిచేశాయి. మధ్య మెదడులోని నడక కేంద్రం మాత్రం ఎక్కువగా పనిచేసింది. ఆ కేంద్రంలో కొంత భాగం కుంచించుకుపోయి కూడా ఉంది. ఈ కేంద్రాన్ని 1966లో మాస్కో శాస్త్రవేత్తలు పిల్లులలో కనుగొన్నారు. అక్కడ విద్యుత్తు తగిలిస్తే పై మెదడు తొలగించిన పిల్లి కూడా నడిచింది. పైనుంచి ఆజ్ఞ సరిగా రానప్పుడు ఆ కేంద్రం మీద భారం పెరుగుతుందని ఈ చిత్రాలను బట్టి ఊహిస్తున్నారు.

మూడవ ఉపాయం నాకు ఆ నేత కార్మికుని గుర్తుకు తెచ్చింది. సిడ్నీలో షైన్, లూయిస్ తదితరులు ఎం.ఆర్.ఐ. గొట్టంలో పడుకున్న రోగి పాదాల కింద తొక్కుడు పలకలు అమర్చారు. కళ్ళ ముందు తెర మీద ఒక నడవ కనిపిస్తుంది. పలకలు ఒకదాని తరువాత ఒకటి తొక్కితే నడవలో ముందుకు సాగినట్లు ఉంటుంది. దారిలో తలుపులు వస్తాయి. మధ్యలో ఆలోచించవలసిన పదాలు కనిపిస్తాయి. అప్పుడు కొందరి పాదాలు పడుకున్న చోటే స్తంభించాయి. 2013లో వారు ప్రకటించిన ఫలితం ఇది: అడుగు ఆగిన ఆ క్షణంలో, ఆలోచనను నడిపే పై మెదడుకు, కదలికను నడిపే లోపలి కేంద్రాలకు మధ్య సమన్వయం తెగిపోయింది. కనుక ఇది కాళ్ళ బలహీనత కాదు. నటన అసలే కాదు.

మరి మగ్గం దగ్గర కాళ్ళు ఎందుకు ఆడాయి? 2010లో స్నైడర్స్, బ్లూమ్ అనే వైద్యులు ఒక రోగి సంగతి ప్రకటించారు. 58 ఏళ్ళ వయస్సు, పదేళ్ళ వ్యాధి. నాలుగు అడుగులు వేయలేక పడిపోయే మనిషి సైకిల్ ఎక్కి చక్కగా తొక్కుకుంటూ వెళ్ళాడు. తిరుగుతున్న పెడల్ ఒక కాలి తరువాత మరొక కాలికి వంతు గుర్తుచేస్తుందనీ, బరువును ఒక కాలి మీద నుంచి మరొక కాలి మీదికి మార్చి నిలదొక్కుకొనే పని అక్కడ ఉండదనీ వివరణలు ఉన్నాయి. మగ్గం గుంతలో కూర్చున్న మనిషికీ ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం. నాడె చప్పుడు, కళ్ళ ముందు పేక వరుసలు, కాలికింద చెక్కలు ఆయనకు తాళం అందించాయి. ఆ సాయం వాకిట్లో లేదు.

ఇటీవలి ఉపాయంలో గొట్టమే లేదు. నుదుటికి కట్టిన పట్టీ నుంచి ఎర్రటి కాంతికి దగ్గరగా ఉండే కిరణాలను పంపి, నిజంగా నడుస్తుండగానే మెదడు పైపొరలో ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని కొలుస్తారు. 2015లో ఇజ్రాయెల్ వైద్యులు, తెలిసిన మలుపు తిరిగేటప్పుడు అడుగు ఆగబోయే ముందే నుదుటి భాగంలో ఈ రక్తం పెరుగుతుందని గమనించారు. మామూలు మనిషికి అలవాటుగా జరిగే పని, వీరికి లెక్క చేసినంత శ్రమ అవుతుందన్నమాట.

పడిపోవడానికి మరొక కారణం

ఎల్-డోపా వేసుకుంటే చేతులు బాగా ఆడినా, పడిపోవడం తగ్గలేదని చాలామంది అంటారు. 2009లో మిచిగన్‌లో బోనెన్ బృందం పెట్ చిత్రాలతో దీనికి ఒక కారణం చూపింది. పడిపోతున్న రోగులకు, పడని రోగులకు డోపమిన్‌లో పెద్ద తేడా లేదు. ఎసిటైల్‌కోలిన్ అనే మరొక రసాయనపు పని మాత్రం పడిపోయేవారిలో తగ్గి ఉంది. అందువలన పడిపోయే ప్రతిసారీ డోపా మాత్ర పెంచుకోవడం పరిష్కారం కాదు. నడక సాధన, ఇంటిలో జాగ్రత్తలు మందులతో సమానంగా అవసరం.

మన ప్రాంతం సంగతి

హిందూపురం నుంచి బెంగళూరు వెళ్ళే రైలు దారిలో, సరిహద్దు దాటగానే వచ్చే గౌరీబిదనూరు పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెలలోనూ డాక్టర్ గౌరీదేవి బృందం నాడీవ్యాధుల మీద సర్వే జరిపి 1987లో ఫలితాలు ప్రకటించింది. మన గాలి, మన తిండి, మన మాట ఉన్న పల్లెలవి. ఆ తరువాత బెంగళూరు నగరంలో, గ్రామాలలో 1,02,557 మంది మీద జరిపిన సర్వే ఫలితాలు 2004లో వచ్చాయి. అందులో పార్కిన్సన్ వ్యాధి లక్షకు 33 మందికి ఉన్నట్లు తేలింది. 2011 జనాభా లెక్కలలో హిందూపురం లక్షన్నర దాటింది, ధర్మవరం లక్షా ఇరవై వేలు దాటింది. ఆ రేటునే వర్తింపజేస్తే హిందూపురం పట్టణంలో యాభై మంది, ధర్మవరంలో నలభై మంది ఉండాలి. ఇది స్థూలమైన లెక్క మాత్రమే. వృద్ధుల సంఖ్య పెరిగేకొద్దీ రోగుల సంఖ్య కూడా పెరుగుతుంది. వీరిలో ఎందరిని 'వయసు మీద పడింది' అని ఇంట్లో కూర్చోబెట్టామో!

నడక ఆగిపోవడం మీద మెదడు చిత్రాల పరిశోధన మనకు దగ్గరలోనే జరిగింది. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు నడక ఆగిపోయే రోగులను, ఆగని రోగులను ఆలోచనా పరీక్షలతోనూ, ఎం.ఆర్.ఐ.తోనూ పోల్చి 2015లో వ్యాసం ప్రకటించారు.

ఇక ప్రశ్న: మీ ఇంటివారికి ఏ స్కాన్ కావాలి? పార్కిన్సన్ వ్యాధిని నేటికీ నిర్ణయించేది వైద్యుడు రోగిని నడిపించి, చేతులు ఆడించి చేసే పరీక్షతోనే. నేను చెప్పిన నడక చిత్రాలు పరిశోధనకు ఉపయోగపడేవి. వాటి కోసం అప్పు చేయకండి. మామూలు ఎం.ఆర్.ఐ. లేక సి.టి. ఎందుకంటే, ఇటువంటి నడకకే దారితీసే ఇతర వ్యాధులను కనిపెట్టడానికి. మెదడు నీటి గదులు ఉబ్బడం, పుర్రె కింద నెమ్మదిగా రక్తం చేరడం శస్త్రచికిత్సతో బాగుపడవచ్చు. చిన్న చిన్న పక్షవాతాలు వరుసగా వచ్చినా నడక ఇలాగే మారుతుంది. అందుచేత 'స్కాన్ నార్మల్' అంటే జబ్బు లేదని కాదు. ఆ ఇతర కారణాలు కనిపించలేదని మాత్రమే.

స్కాన్‌కు ముందు మందుల సంచీ వైద్యునికి చూపండి. తల తిరుగుడుకు వాడే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, గ్యాసు మాత్రలతో కలిపి ఇచ్చే లెవోసల్పిరైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు పార్కిన్సన్ వంటి లక్షణాలు తేగలవు. వైద్యుని సలహాతో అటువంటి మందు ఆపితే చాలామంది కోలుకుంటారు. ఎవరూ తమంతట తాము మందు ఆపకూడదు.

ఇంటిలో చేయదగినవి

1. అడుగు ఆగినపుడు చెయ్యి పట్టి లాగకండి. లాగితే శరీరం ముందుకు వస్తుంది, పాదం రాదు, పడిపోతారు. ఆగి, ఊపిరి తీసుకొని, బరువు ఒక కాలి మీదికి మార్చి, 'ఒకటి, రెండు, మూడు' అని లెక్కపెట్టి రెండవ కాలు పెద్దగా వేయమనండి.

2. ఆగిపోయే చోట, వాకిలి ముందు, స్నానాల గది ముందు, అడుగు దూరానికొకటి చొప్పున అడ్డంగా రంగు పట్టీలు అంటించండి. ముగ్గుపిండితో గీసిన గీత కూడా పనిచేస్తుంది. కొందరు గడప ఉన్న చోట దాటేసి, గడప లేని తలుపు దగ్గర ఆగిపోవడం ఇందువల్లనే.

3. చప్పట్ల తాళం, లెక్క, ఇష్టమైన పాట నడకకు ఊతం ఇస్తాయి.

4. ఉన్నచోటనే గిర్రున తిరగకూడదు. నాలుగైదు అడుగులతో వెడల్పుగా తిరగాలి. నడుస్తూ ఫోను మాట్లాడకూడదు, నడుస్తున్నవారిని ప్రశ్నలు అడగకూడదు.

5. డోపా మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోవడం మంచిది. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రోటీన్ మందు ఒంటబట్టకుండా కొంత అడ్డుపడుతుంది.

ఆ నేత కార్మికునికి వీటిలో ఏదీ నేను చెప్పలేకపోయాను. చాలా సంవత్సరాల తరువాత పెనుకొండ నుంచి వచ్చిన ఒక వృద్ధురాలు నా గది వాకిట్లో అలాగే ఆగిపోయారు. ఈసారి నేను కుర్చీలోంచి లేచి, సుద్దముక్కతో నేల మీద నాలుగు గీతలు గీశాను. ఆమె ఒక్కొక్క గీతే దాటుకుంటూ వచ్చి కూర్చున్నారు. వెంట వచ్చిన కొడుకు, "ఇంత సేపూ నేను అమ్మను కోప్పడతా వస్తిని సార్" అని తల వంచుకున్నాడు.

మీ ఇంటిలో, మీ వీధిలో ఎవరైనా వాకిట్లో అలా ఆగిపోతుంటే వారిని కోప్పడకండి. ఒకసారి నాడీవైద్యునికి చూపించండి. మందు సంచీ మరవకండి.